బల్లార్షా ఎండ నుంచి బరంపురం ఉక్కకి: ఊరు మారేముందు, మారాక చెయ్యాల్సిన పనులు వరసగా

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో తొమ్మిదేళ్ళు ఉండి ఒడిశా గంజాం జిల్లా బరంపురం వచ్చేశాక మావాళ్ళు, మావాళ్ళ స్నేహితులు, ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ చేతికొచ్చిన ప్రతోడూ అడిగేది ఒకటే: "అక్కడ 45, ఇక్కడ 36 కదా, మరి ఇక్కడే ఎక్కువ ఏడుస్తావేటి?" ఒక్కొక్కళ్ళకీ ఫోన్లో చెప్పలేక వరసగా రాసేస్తన్నాను. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ వైపు వచ్చేవాళ్ళకి ఇది ఎక్కువ పనికొస్తాది, ఇటు నుంచి చంద్రపూర్, గడ్చిరోలి, నాందేడ్ పోయేవాళ్ళకి చివర్లో కొంచెం ఉంది.

1. ముందు సరైన అంకె చూడటం నేర్చుకోండి

అందరూ గరిష్ఠ ఉష్ణోగ్రత చూసి లెక్కేసుకుంటారు, అక్కడే తప్పు మొదలవుతాది. చెమట పడితే ఒళ్ళు చల్లబడదండీ, పట్టిన చెమట ఆరితేనే చల్లబడతాది. అది ఆరుతుందో లేదో చెప్పే అంకె డ్యూ పాయింట్, అంటే గాలిని ఎన్ని డిగ్రీలకి చల్లారిస్తే అందులో తేమ పొద్దుటి మంచుబొట్లలా నీళ్ళుగా మారుద్దో ఆ డిగ్రీ. గాల్లో నిజంగా ఎంత నీరుందో దీనివల్ల తెలుస్తాది.

ఉదాహరణకి మే నెల మధ్యాహ్నం చంద్రపూర్‌లో 44 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకోండి, డ్యూ పాయింట్ 16 దగ్గర ఉంటాది. అదే పూట బరంపురంలో 35 డిగ్రీలు, తేమ 63 శాతం అనుకోండి, డ్యూ పాయింట్ 27. ఈ రెండింటికీ హీట్ ఇండెక్స్, అంటే వేడీ తేమా కలిసి ఒంటికి ఎన్ని డిగ్రీల్లా అనిపిస్తాదో ఆ అంకె, కడితే రెండూ 45 అటూ ఇటూగానే తేలతాయి. తొమ్మిది డిగ్రీల తేడా అంతా తేమలో కొట్టుకుపోయింది చూశారా.

డ్యూ పాయింట్‌ని నేను ఇలా చదువుకుంటాను:

- 16 లోపు: హాయి, చెమట పట్టినట్టే తెలీదు
- 17 నుంచి 20: పర్లేదు
- 21 నుంచి 23: చొక్కా వీపుకి అంటుకోడం మొదలు
- 24, 25: ఉక్క
- 26 పైన: ఫ్యాన్ కింద కూర్చున్నా మెడ కింద తడి ఆరదు

యాప్‌లో డ్యూ పాయింట్ చూపించకపోతే ఒక చిట్కా ఉంది. వందలోంచి తేమ శాతం తీసేసి, వచ్చినదాన్ని అయిదుతో భాగించి, ఆ అంకెని ఉష్ణోగ్రతలోంచి తీసెయ్యండి. 35 డిగ్రీలు, 63 శాతం అయితే 37ని అయిదుతో భాగిస్తే దాదాపు ఏడున్నర, 35లోంచి తీసేస్తే 27న్నర, దగ్గర దగ్గరగా సరిపోయింది. కానీ తేమ 50 శాతం కంటే తక్కువున్న చోట ఈ చిట్కా వాడకండి. చంద్రపూర్ అంకెలతో చేస్తే 28 వస్తాది, అది శుద్ధ తప్పు.

ఇంకో బోల్తా ఏంటంటే పొద్దున్న తేమ. తెల్లారుజామున చల్లగా ఉంటాది కాబట్టి పొడి ఊళ్ళో కూడా తేమ శాతం బాగా పెరిగిపోయి కనిపిస్తాది. వాతావరణ శాఖ పొద్దున్న 8:30కీ, సాయంత్రం 5:30కీ కొలిచిన తేమ ఇస్తాది, మీరు సాయంత్రం అంకెనే పోల్చుకోండి, అదీ రెండు ఊళ్ళకీ ఒకే నెలది.

2. ఊరి పేరు సరిగ్గా కొట్టండి

నవ్వకండి, దీనికి నేనే బలయ్యాను. బరంపురం ప్రభుత్వ లెక్కల్లో బ్రహ్మపూర్. చంద్రపూర్ జిల్లాలో బ్రహ్మపురి అని ఇంకో ఊరుంది, అది విదర్భలో బాగా కాలే ఊళ్ళలో ఒకటి. పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా బహరంపూర్ ఇంకోటి. ఫోన్ ఏది చూపిస్తే అది నమ్మేసి వారం రోజులు తప్పుడు ఊరి ఎండ చూసి కంగారు పడ్డాను. మన బరంపురానికయితే గోపాల్‌పూర్ వాతావరణ కేంద్రం దగ్గర, దాని అంకెలు చూసుకోండి. కాకపోతే గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డున ఉంది, బరంపురం ఓ పదిహేను కిలోమీటర్లు లోపలికి, కాబట్టి పగలు ఇక్కడ ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువే వేసుకోండి.

3. మీరు పోయే ఊరు ఏ రకమో తేల్చుకోండి

ఒడిశా అంటే ఒకే వాతావరణం అనుకుంటారు, ట్రాన్స్‌ఫర్ ఆర్డర్‌లో జిల్లా పేరు చూసి ఊరుకోకండి.

ఒడ్డు ఊళ్ళు: గోపాల్‌పూర్, ఛత్రపూర్, బరంపురం, మనవైపు ఇచ్ఛాపురం. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి వస్తాది, అందుకే ఎండ 36, 37 దగ్గర ఆగుతాది, కానీ ఆ గాలే తేమని మోసుకొస్తాది. ఏ రోజైనా ఆ గాలి రాకుండా పడమటి గాలి గెలిచిందా, ఆ రోజు 40 దాటేస్తాది. అందుకే వాతావరణ శాఖ వడగాలి లెక్క మైదానాలకి 40 డిగ్రీల దగ్గర మొదలెడితే ఒడ్డు ప్రాంతాలకి 37 నుంచే మొదలెడతాది.

లోయ ఊళ్ళు: పర్లాకిమిడి, వంశధార పక్కన గుణుపూర్, నాగావళి పక్కన రాయగడ. ఇక్కడ చుట్టూ కొండలు, గాలి కదలదు. ఒడ్డు కంటే ఎండ ఎక్కువ, తేమ మాత్రం పూర్తిగా తగ్గదు. నా మట్టుకు ఇదే అన్నిటికంటే విసుగు రకం, దీనిగురించి ఎవరూ ముందుగా చెప్పరు కూడా.

కొండ ఊళ్ళు: కోరాపుట్ తొమ్మిది వందల మీటర్లకి దగ్గర్లో ఉంది, జైపూర్ (రాజస్థాన్‌ది కాదు, కోరాపుట్ జిల్లాది) ఆరొందలు దాటి. వెయ్యి మీటర్లకి ఆరు డిగ్రీల లెక్కన చల్లబడతాది కాబట్టి కోరాపుట్‌లో మే నెల రాత్రి దుప్పటి కూడా కప్పుకుంటారు. జైపూర్ అంత కాదు. మల్కన్‌గిరి అదే వైపని కొండ ఊరనుకోకండి, అది కింద ఉంది, బాగా వేడి, పైగా మలేరియా జాగ్రత్త పడాల్సిన జిల్లా.

మహారాష్ట్ర వైపు: చంద్రపూర్, బల్లార్షా, రాజురా మే అంతా పొడి నిప్పు. ప్రాణహిత గట్టున సిరొంచా కూడా అంతే. నాందేడ్, కిన్వట్, ధర్మాబాద్ వైపు ఎండ కొంచెం తక్కువ, పొడి మాత్రం పొడే. ఎక్కడైనా జూన్ మొదటి రెండు వారాలు, అంటే రుతుపవనాలు రాబోయే ముందు, విదర్భలో కూడా ఉక్క వస్తాది.

4. ఇల్లు మే నెల సాయంత్రం చూడండి

డిసెంబర్‌లో ఇల్లు చూసి అడ్వాన్సు ఇచ్చేవాళ్ళని చూస్తే నాకు జాలి. వీలైతే ఏప్రిల్, మే నెలల్లో, సాయంత్రం ఏడు గంటలకి చూడండి, అప్పటికి గోడలు పగలు తాగిన వేడంతా కక్కుతుంటాయి.

తడి జేబురుమాలు ఒకటి పట్టుకెళ్ళి ఫ్యాన్ కింద వేలాడదీసి ఇల్లంతా తిరగండి. బల్లార్షాలో పది నిమిషాల్లో అప్పడంలా అయిపోయేది, ఇక్కడ మా మొదటి ఇంట్లో అరగంటైనా చెమ్మగానే ఉంది. గాలి ఆడని ఇల్లు అప్పుడే తెలిసిపోతాది.

చూడాల్సినవి:

- దక్షిణం, తూర్పు వైపు కిటికీలు ఉన్నాయా (సముద్రం ఆ వైపే)
- గాలి వచ్చే కిటికీకి ఎదురుగా పోయే దారి ఉందా, లేక గోడ అడ్డమా
- బెడ్రూం గోడ పడమటి ఎండకి పూర్తిగా కాలుతుందా
- పై అంతస్తు అయితే డాబా మీద తెల్ల సున్నమో కూల్ పెయింటో వేశారా
- గోడల కింది భాగంలో రంగు ఉబ్బి రాలుతుందా, బీరువా వెనక బూజు వాసన ఉందా
- బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్, బట్టలారేసుకోడానికి గాలి ఆడే వరండా
- ఇన్వర్టర్ వైరింగ్ వేసి ఉందా

చివరిది చాలామంది అడగరు. సాయంత్రం గాలివాన వచ్చినప్పుడు కరెంటు పోద్ది, ఫ్యాన్ లేని ఉక్క రాత్రి పసిపిల్లల్తో ఎలాగుంటాదో చెప్పక్కర్లేదు.

5. ఏ సామాను తేవాలి, ఏది అమ్మేయాలి

ముందుగా కూలర్. నేను గడ్డి ప్యాడ్లు మార్పించి మరీ పెద్ద కూలర్ లారీలో ఎక్కించుకొచ్చాను. మొదటి రాత్రి నీళ్ళు పోసి ఆన్ చేశాను, గంటకల్లా దుప్పట్లు చెమ్మ, నేల జారుడు. పక్కింటి మామ్మ గుమ్మంలోంచి చూసి "ఏటి బాబూ, నీళ్ళల్లో ఉన్నోడికి మళ్ళీ నీళ్ళు పోస్తన్నావేటి" అంది.

కూలర్ ఎంత చల్లబరచగలదో తడిబల్బు ఉష్ణోగ్రత చెప్తాది, అంటే థర్మామీటర్ బల్బుకి తడిగుడ్డ చుడితే చూపించే అంకె. చంద్రపూర్ 44, 20 శాతం దగ్గర అది 25. అంటే 44 గాలిని కూలర్ 29 వరకూ దించగలదు. బరంపురం 35, 63 శాతం దగ్గర తడిబల్బు 29, ఎంత మంచి కూలరైనా 30కి దించి ఆగిపోద్ది, పైగా ఆ గాలి పూర్తిగా తడి. అమ్మేసుకోండి. తెచ్చేసుంటే నీళ్ళు పోయకుండా ఉత్త ఫ్యాన్‌లా వాడండి.

ఏసీ ఉంటే తెచ్చుకోండి, కాకపోతే ఒడ్డుకి దగ్గర ఇల్లయితే ఉప్పుగాలికి బయట యూనిట్ తుప్పు పడతాది. కొత్తది కొంటే రాగి కాయిల్, తుప్పు పట్టని పూత ఉన్నది అడగండి. గదికి మించిన పెద్ద ఏసీ కొనకండి, అది గదిని చటుక్కున చల్లార్చి ఆగిపోద్ది, గాల్లో తేమ లాగేంతసేపు నడవదు, చల్లగా ఉంటాది కానీ జిగురుగా ఉంటాది.

తెచ్చుకోవాల్సినవి: పల్చటి నూలు దుప్పట్లు, టేబుల్ ఫ్యాన్లు, గట్టి మూతల డబ్బాలు, నాలుగైదు వందల్లో దొరికే తేమ మీటర్ ఒకటి. ఉన్ని రగ్గులు, లెదర్ సోఫా, మందపాటి పరుపులు అక్కడే ఎవరికైనా ఇచ్చేయండి, ఇక్కడ బూజుకి మేతే.

6. ఎప్పుడు మారాలి, మొదటి రెండు వారాలు ఎలా గడపాలి

మన చేతిలో ఉంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు మారండి, ఒళ్ళు నెమ్మదిగా ఎండాకాలంలోకి జారుతాది. మే నెలలోనే రావాల్సొస్తే మాత్రం ఒంటికి టైం ఇవ్వండి. కొత్త వేడికి ఒళ్ళు అలవాటు పడ్డానికి వారం నుంచి రెండు వారాలు పడతాది, ఈలోపు చెమట తొందరగా పట్టడం నేర్చుకుంటాది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతాది.

అందుకని మొదటి నాలుగు రోజులు సామాను సర్దే పని పొద్దున్న తొమ్మిది లోపు, సాయంత్రం అయిదు తర్వాతే. రోజూ కొంచెం కొంచెం టైం పెంచండి. ఇరవై నాలుగ్గంటలూ ఏసీలో కూర్చుంటే అలవాటు పడటం ఉండదు, పగలు కొంతసేపైనా ఫ్యాన్ గాలిలో ఉండండి. అరవై దాటినవాళ్ళు, పసిపిల్లలు, బీపీకి నీళ్ళ మాత్రలు వేసుకునేవాళ్ళు ఈ ప్రయోగాలు చెయ్యకండి, డాక్టర్ని అడిగి నడుచుకోండి.

7. కిటికీలు, ఫ్యాన్లు, ఏసీ

విదర్భలో పొద్దున్న తొమ్మిదికి కిటికీలు మూసేసి పరదాలు దింపేస్తాం, రాత్రి తెరుస్తాం. ఇక్కడ అదే చేస్తే మీ చెమట, మీ వంట ఆవిరి, స్నానాల తడి అంతా లోపలే ఉండిపోద్ది. పడమటి కిటికీ మాత్రం మూసి, మిగతావి తెరిచి గాలి పారనివ్వండి. పడమటి వడగాలి కొట్టే రోజు ఒక్కటే మినహాయింపు, ఆ రోజు బల్లార్షా పద్ధతే.

ఫ్యాన్ సంగతి కూడా తిరగబడతాది. చర్మం సుమారు 35 డిగ్రీలు ఉంటాది, గాలి 44 ఉన్నప్పుడు ఫ్యాన్ కొడితే పొయ్యి మీద ఊదినట్టు. ఇక్కడ ఇంట్లో గాలి 33, 34 కాబట్టి ఫ్యాన్ బాగా పనిచేస్తాది, ఎంత వేగంగా తిరిగితే అంత మంచిది. టేబుల్ ఫ్యాన్‌ని సాయంత్రం కిటికీ వైపు తిప్పి లోపలి వేడిని బయటకి తోయండి, సీలింగ్ ఫ్యాన్ పైన తిరగనివ్వండి.

ఏసీ 26లో పెట్టి సీలింగ్ ఫ్యాన్ చిన్నగా వెయ్యండి. రాత్రి చల్లగా ఉండి తేమ మాత్రం ఉంటే డ్రై మోడ్‌లో పెట్టండి. ఏసీ డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టి చూడండి, ఎంత నీరు లాగుతుందో కంటికి కనిపిస్తాది. ఆ నీరు మొక్కలకి పొయ్యొచ్చు, బండి కడుక్కోవచ్చు. బకెట్ నిండకపోతే ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడండి, రెండు వారాలకోసారి కడగండి.

8. ఒళ్ళు, బట్టలు

రోజుకి రెండు స్నానాలు, మామూలు నీళ్ళు. ముఖ్యమైంది ఏంటంటే స్నానం అయ్యాక చంకలు, గజ్జలు, కాలివేళ్ళ సందులు పూర్తిగా తుడిచి, ఫ్యాన్ కింద రెండు నిమిషాలు నిలబడి అప్పుడు బట్టలు వేసుకోవడం. సగం తడి ఒంటి మీద బట్ట వేస్తే తామరకి పీట వేసినట్టే.

చెమటకాయలకి మందంగా పౌడర్ కొట్టకండి, చెమటతో కలిసి పిండి ముద్దయి రంధ్రాలు మూసేస్తాది. చల్లటి నీళ్ళ గుడ్డ, వదులు నూలు బట్ట, కాలమైన్ లోషన్ చాలు. గజ్జల్లో గుండ్రంగా దురద మచ్చ వస్తే మందుల షాపువాడు ఇచ్చే మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబ్ రాయకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజులు దురద ఆగి, తర్వాత పెద్దగా పాకి, మామూలు మందుకి లొంగకుండా పోద్ది. నాకు ఆర్నెల్లు పట్టింది వదలడానికి. చర్మం డాక్టర్ దగ్గరికి మొదటి వారమే వెళ్ళండి.

గాముచ్ఛా, అంటే పల్చటి నూలు తువ్వాలు, ఒకటి కాదు, మూడు పెట్టుకోండి. ఇక్కడివాళ్ళు భుజం మీద ఎందుకేసుకు తిరుగుతారో జూన్‌లో తెలుస్తాది.

9. తాగడం, తినడం

పొడి ఎండలో చెమట కనిపించకుండా ఆరిపోద్ది కాబట్టి దాహం తెలీదు, ఇక్కడ చెమట కారుతూనే ఉంటాది కాబట్టి ఉప్పు పోద్ది. ఉత్త నీళ్ళే లీటర్లకి లీటర్లు తాగితే తల దిమ్ముగా ఉంటాది. ఉప్పేసిన పల్చటి మజ్జిగ, నిమ్మరసం, కొబ్బరినీళ్ళు, గంజి మధ్య మధ్యలో పడాలి. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు డాక్టర్ చెప్పినంతే.

పొద్దున్న తరవాణి అన్నం మన శ్రీకాకుళం వైపు వాళ్ళకి కొత్త కాదు, ఒడియా వాళ్ళ పఖాళ దానికి అన్నదమ్ముడే, మధ్యాహ్నం దాంతో బడి చూరా (నలిపిన వడియాలు), వేపుడు ఏదో ఒకటి పెట్టుకుంటే కడుపు బరువుండదు. కోరాపుట్ వైపయితే రాగి అంబలి. ఈ ఉక్కలో పులుపు తొందరగా ఎక్కేస్తాది, రాత్రి నీళ్ళు పోసిన అన్నం మర్నాడు మధ్యాహ్నం దాటించకండి.

ఇంట్లో ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో తలకొట్టి. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపడా తాగుతున్నట్టు, ముదురు పసుపైతే తక్కువైనట్టు.

మనిషి తడబడి మాట్లాడుతున్నా, ఒళ్ళు 40 డిగ్రీలకి కాలిపోతున్నా, స్పృహ తప్పుతున్నా నోట్లో ఏమీ పోయకండి. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్ళు పోసి గట్టిగా విసరండి, 108కి ఫోన్ చెయ్యండి. చెమట పడుతూనే ఉంది కాబట్టి వడదెబ్బ కాదులే అనుకోకండి, ఉక్క ఊళ్ళో చెమట పడుతుండగానే తగులుతాది.

10. వంటిల్లు, బీరువా

బియ్యం, రవ్వ, పప్పులు నెలకి సరిపడానే కొనండి. కొన్న రోజే ఎండబెట్టి, చల్లారాక గట్టి మూత డబ్బాలో పొయ్యండి, వేడి మీద మూత పెడితే లోపలే చెమట పడతాది. ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యం గింజలు. ఇడ్లీ పిండి రాత్రంతా బయట ఉంచితే పొద్దున్నకి గిన్నె దాటి నేల మీద ఉంటాది, నాలుగైదు గంటలు చాలు.

బీరువా గోడకి నాలుగు వేళ్ళ దూరం జరపండి. పట్టుచీరలు, సర్టిఫికెట్లు, కెమెరా ఉంటే కెమెరా, సిలికా జెల్ పొట్లాలతో జిప్ కవర్లలో. ఆ పొట్లాలు రెండు నెలలకోసారి మార్చండి. వారానికోరోజు బీరువా తలుపులు తెరిచి ఎదురుగా ఫ్యాన్ పెట్టండి.

11. ఇటు నుంచి చంద్రపూర్, నాందేడ్ పోయేవాళ్ళకి

- కూలర్ అక్కడే కొనుక్కోండి, కిటికీ బయట నుంచి బిగించేది, ఎదురుగా గాలి పోయే సందు వదలండి
- మధ్యాహ్నం తలకీ చెవులకీ గుడ్డ చుట్టకుండా బండెక్కకండి
- దాహం వెయ్యకపోయినా గంట గంటకీ నీళ్ళు, పచ్చిమామిడి పన్హే (మామిడికాయ పానకం)
- పెదాలు, ముక్కు లోపల పగులుతాయి, కొబ్బరినూనె దగ్గర పెట్టుకోండి
- జూన్ మొదట్లో కూలర్ చల్లదనం తగ్గితే మెకానిక్‌ని తిట్టకండి, గాలి తడెక్కింది, నీళ్ళు ఆపేసి నడపండి

12. వానలు పడ్డాక కూడా వదలదు

జూన్ రెండో వారం దగ్గర వానలు మొదలవగానే అయిపోయిందనుకుంటారు. ఎండ తగ్గుతాది, డ్యూ పాయింట్ మాత్రం సెప్టెంబర్ దాకా 25 దగ్గరే ఆడుతుంటాది, బట్టలు ఆరవు, బూజు అప్పుడే ముదురుతాది. అక్టోబర్ మొదటి పక్షం ఇంకో విడత ఉక్క. తుపాన్లు కూడా ఆ నెలలోనే ఎక్కువ చూశాం, ఫైలిన్ 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర దాటింది, తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస వైపు దాటి గజపతి కొండల్ని కూడా ముంచింది. కాబట్టి సెప్టెంబర్ చివర్లోనే ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ చూసుకోండి, రీఛార్జి టేబుల్ ఫ్యాన్ ఒకటి పూర్తిగా ఎక్కించి ఉంచండి, ఏసీ బయట యూనిట్ బోల్టులు ఓసారి బిగింపించండి. నవంబర్‌లో ఉత్తరపు గాలి తిరిగాక కిటికీ దగ్గర తువ్వాలు ఆరేసి చూడండి, గంటలో ఆరిపోతే ఇక ఆ ఏడాదికి ఫ్యాన్ రెండు పాయింట్లు తగ్గించుకోవచ్చు.